మంచు ఆరకముందే పొగాకు పచ్చాకు కొట్టించడం (కోయించడం) ఆపాలా, వద్దా?

కొండపి మనవరాలు:
మా అమ్మ, పిన్ని ఇరవై ఏళ్లుగా ముఠాతో (కూలీల జట్టుతో) పొగాకు పనికి పోతున్నారు. జనవరి వచ్చిందంటే తెల్లవారి ఐదున్నరకే ఆటో వచ్చి వీధి చివర ఆగుతుంది. మొన్న సంక్రాంతి అయిన వారానికి పిన్ని పొలం నుంచి వచ్చింది, చీర నడుము దాకా తడి. చీకటి పడ్డాక మొదలైంది. తల తిరుగుడు, వాంతులు, ఒళ్లంతా చల్లటి చెమటలు. చారు అన్నం కూడా లోపల నిలవలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అని సూది వేసి పోయాడు. పొద్దున్నే మళ్లీ ఆటో ఎక్కింది.

నేను నర్సింగ్ చదువుతున్నా. ఇది గ్యాస్ కాదు, పచ్చాకు జబ్బు. ఆకు మీద మంచులో నికోటిన్ కరిగి, తడిసిన చేతుల్లోంచీ బట్టల్లోంచీ చర్మంలోకి ఇంకిపోతుంది. అప్పటికప్పుడు తెలియదు, కొన్ని గంటలు పోయాక బయటపడుతుంది. అందుకే రాత్రి తిన్నది పడలేదనుకుంటారు. అమెరికాలో ఫ్లోరిడా పొగాకు కూలీల్లో దీన్ని 1970లోనే గుర్తించారు. 100 మిల్లీలీటర్ల మంచునీళ్లలో 9 మిల్లీగ్రాముల దాకా నికోటిన్ ఉంటుందని అక్కడ లెక్క తేల్చారు.

మంచు ఆరేదాకా, అంటే ఎనిమిదిన్నర దాకా, ఆకు మీద చెయ్యి వెయ్యకూడదని ఊరంతా ఒక మాట మీద ఉంటే తప్పేంటి?

రెండు బ్యారన్ల రైతు:
అమ్మాయ్, నీ బాధ అర్థమైంది. మా లెక్క కూడా విను. కొట్టిన ఆకు ఆ రోజే కర్రలకు అల్లాలి, ఆ రాత్రికే బ్యారన్‌కి (మంట వేడితో ఆకుని ఆరబెట్టే గదికి, దాన్నే కాల్చడం అంటాం) ఎక్కాలి, మంట పెట్టాలి. తొమ్మిదికి మొదలుపెడితే ఆకు అల్లే చోటికి, చెట్టు నీడకి చేరేసరికి మధ్యాహ్నం రెండు. అల్లడం అయ్యేసరికి చీకటి. కుప్పలో ఉన్న పచ్చాకు ఊరుకోదు, వేడెక్కి ఉడికిపోతుంది. అట్టాంటి ఆకుని బ్యారన్‌లో ఎంత బాగా కాల్చినా రంగు రాదు. వేలంలో కొనేవాడు ఒకసారి మునివేళ్లతో నలిపి చూసి పక్కకు జరుగుతాడు.

ఇంకో మాట. పొద్దున్నే వస్తామనేది నేను కాదు, ముఠా వాళ్లే. ఒంటిగంటకల్లా ఇంటికి పోవాలని వాళ్ల ఆత్రం. ఫిబ్రవరి దాటితే ఎండ ఎట్టా ఉంటుందో నీకు తెలియంది కాదు.

మేస్త్రి బావ:
ముఠా నడిపేది నేనే, చెప్తా వినండి. వాంతులు కొత్తగా వచ్చినోళ్లకే. నాలుగు రోజులు పోతే అలవాటైపోద్ది. ముప్పై ఏళ్లుగా మంచులో తిరుగుతున్నా, నాకేమైంది?

కొండపి మనవరాలు:
మేస్త్రి గారూ, మీరు చుట్ట తాగుతారా?

మేస్త్రి బావ:
తాగుతా. అయితే ఏంది?

కొండపి మనవరాలు:
అదే మరి. మీ ఒంటికి నికోటిన్ ముందే అలవాటు. మా పిన్నికి వక్కపొడి కూడా అలవాటు లేదు. వాంతులు ఆగినంత మాత్రాన లోపలికి పోయేది ఆగినట్టు కాదండీ.

కందుకూరు ఎరువుల కొట్టు:
దీనికింత చర్చ ఎందుకు? రబ్బరు తొడుగులు కొనిస్తే సరిపోదా? అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వాళ్లు 1980లలోనే మన దేశపు పొగాకు కూలీలకు తొడుగులు వేయించి పరీక్ష చేశారు, ఇబ్బంది తగ్గింది. పురుగుమందు కొట్టేవాడికి మాస్కు పెట్టుకో అని చెప్తాం, ఆకు కొట్టే మనిషికి ఏమీ చెప్పం. (మాస్కు కూడా ఎవడూ పెట్టుకోడనుకోండి, అది వేరే సంగతి.)

పచ్చాకు పార్వతక్క:
మా అమ్మాయి ఫోన్లోంచి రాయిస్తున్నా. సార్, మీరెప్పుడన్నా ఆకు కొట్టారా? కుడిచేత్తో కింది రెండు మూడు ఆకులు విరుస్తాం, ఎడమ చంకలో పెట్టుకుంటాం. చంక నిండేదాకా సాలు వెంట పోతూనే ఉంటాం. మంచంతా ఎక్కడికి దిగుద్ది? జాకెట్లోకి, పక్కలోకి. చేతికి తొడుగేస్తే చంకకేం చేస్తారు?

పోయినేడు ఒక కంపెనీ తరఫున వచ్చినాయన తొడుగులు పంచి, అందరం వేసుకున్నాక ఫొటో తీసుకుని పోయాడు. గంటకే లోపల చెమట పట్టింది, వేళ్లు జారుతున్నాయి. పండిన ఆకేదో పచ్చిదేదో చేతికి తెలియాలి సార్, తొడుగు మీద అది తెలియదు. పచ్చిది విరిస్తే రైతు ఊరుకుంటాడా? తీసి నడుములో దోపుకున్నాం.

నేను చేసేది చెప్తా. యూరియా గోతం లోపలి ప్లాస్టిక్ సంచి కడిగి, చీల్చి, ఎడమ పక్క చుట్టుకుని పైన పాత చొక్కా వేసుకుంటా. కొంచెం నయం. మా వాళ్లు నవ్వుతారు. పని అయ్యాక చేతుల జిగురు కిరసనాయిలుతో రుద్దినా వదలదు, ముద్ద నోట్లో పెడితే చేదే.

వేలం కేంద్రం దగ్గర:
రైతునీ కూలీనీ కొట్లాడించడం తేలిక. కొనే కంపెనీల మాటేంటి? బ్యారన్‌కి రిజిస్ట్రేషన్ ఉంది, ఎంత పండించాలో పరిమితి ఉంది, గుంటూరులో 1976 నుంచి పొగాకు బోర్డే ఉంది. బ్యారన్‌కి ఇంతమంది కూలీలని లెక్కేసి చంక దాకా కప్పే పల్చటి కోటు కంపెనీల ఖర్చుతో ఇప్పించమనండి. ఆకు తేమను కొలిచేవాళ్లు కూలీ తడిని కొలవలేరా?

రెండు బ్యారన్ల రైతు:
మీరు చెప్పింది వినడానికి బాగుంది. చివరికి ఆ ఖర్చు కిలో ధరలో కోసేది మా దగ్గరే. 2024లో ధర 300 దాటితే ఊరంతా మా గురించే మాట్లాడారు. మరుసటేడు పడిపోతే పలకరించిన దిక్కు లేదు.

పచ్చాకు పార్వతక్క:
అన్నా, ఖర్చు లేని మాట ఒకటి చెప్తా. బ్యారన్ ఖాళీ చేసేదెప్పుడు? కాలిన ఆకు పొద్దున చల్లగాలికి మెత్తబడితేనే దించుతాం. ఎండెక్కితే పొడైపోద్ది. అంటే మంచు వేళ దింపుడుకే మంచిది. మరి ముందు దించుకుని, కర్రలు ఖాళీ చేసుకుని, పురికొస సర్దుకుని, మంచు ఆరినాక పొలంలోకి దిగితే? దించినాకనే గదా మళ్లీ ఎక్కించేది.

రెండు బ్యారన్ల రైతు:
ఇది ఆలోచించాల్సిందే. నిజం చెప్పాలంటే ఇన్నేళ్లలో నాకు తట్టలేదు. కానీ దింపుడుకి ఆరుగురు చాలు, కోతకి ఇరవై మంది కావాలి. మిగతా వాళ్లు ఎనిమిదికి వస్తే ఆటో రెండు ట్రిప్పులు తిరగాలి. ఆ కిరాయి ఎవరు పెట్టుకోవాలి? ఆకు ఆలస్యమైన రోజు అల్లడానికి సాయంత్రం లైటు కింద కూర్చుంటారా?

మేస్త్రి బావ:
కూర్చోరు. మధ్యాహ్నం మేకలు చూసుకోవాలి, పిల్లలు బడి నుంచి వస్తారు. బ్యారన్‌కి ఇంత అని గుత్త మాట్లాడుకున్నాం, గంటల లెక్క మాకెందుకు?

కొండపి మనవరాలు:
గుత్త కాబట్టే తొందర, తొందర కాబట్టే మంచులో దిగడం. రోజు కూలి అయితే ఎనిమిదిన్నరకి దిగినా ఎవరికీ నష్టం ఉండదు గదా?

రెండు బ్యారన్ల రైతు:
రోజు కూలి అయితే ఇరవై మంది చేసే పనికి ముప్పై మంది కావాలి తల్లీ, ఆ మాట ఎత్తకు. సరే, ఒకటి చేస్తా. శుక్రవారం ఒక బ్యారన్ దింపుడు ఉంది. రెండో ట్రిప్పు ఆటో కిరాయి నాది. ముఠా ఒప్పుకుంటేనే.

మేస్త్రి బావ:
ఒప్పుకోరు.

పచ్చాకు పార్వతక్క:
ఒప్పుకోరని నువ్వెట్టా చెప్తావు మేస్త్రీ, మమ్మల్ని అడిగావా? నాకు మేకల్లేవు. శుక్రవారం రెండో ట్రిప్పుకి వస్తా, ఈ అమ్మాయి పిన్నిని కూడా తీసుకొస్తా.