మధురవాడ నుంచి సిరిపురం రోజూ, ఆదివారం మట్టి దార్లు: హైబ్రిడ్ సైకిల్ తీసుకోవాలా, ఎంటీబీనా?

మధురవాడ కుర్రాడు:
నమస్తే అండీ. ఇక్కడ విశాఖలో ఆఫీసుకి హైవే మీదుగా సైకిల్ మీదే వెళ్దామనుకుంటున్నాను. లాప్‌టాప్, లంచ్ బాక్స్ మోయాలి. ఆదివారాలు భీమిలి రోడ్డు, తొట్లకొండ, సరుగుడు తోటల మధ్య మట్టి బాటలు, ఎర్రమట్టి దిబ్బలు తిరగాలని కోరిక. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బడ్జెట్ 30 వేలు. షాపులో ముందు సస్పెన్షన్, లావు టైర్లున్న ఎంటీబీ (మౌంటెన్ బైక్) చూపించి "మన రోడ్లకి ఇదే కరెక్ట్" అంటున్నారు. మా బావేమో రోడ్డు సైకిల్‌కీ ఎంటీబీకీ మధ్యరకమైన హైబ్రిడ్ అంటున్నాడు.

ఎండాడ ఎత్తు:
మీ బావగారి మాటే వినండి. నేనూ రోజూ ఆ దారినే తొక్కుతాను. ఎండాడ దాటాక హనుమంతవాక వైపు వచ్చే ఎత్తులో మీకే తెలుస్తుంది. ఈ ధరలో దొరికే స్ప్రింగు ఫోర్కు (అదే, ముందు సస్పెన్షన్) ఒక్కటే రెండు కిలోలు దాటుతుంది. లేచి నిలబడి తొక్కితే మీ బలం కొంత దాన్ని కిందికి నొక్కడానికే పోతుంది. సరుగుడు తోటల బాటకి ఫోర్కు అక్కర్లేదు, టైరు చాలు. 700 సైజు చక్రాల్లో 38 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు టైరు పట్టే హైబ్రిడ్ చూడండి. 70 కిలోల మనిషైతే టైర్లో గాలి ఒత్తిడి తారు మీద 50 పీఎస్ఐ పెట్టి, మట్టి మీద 35 దాకా దించొచ్చు. టైరు పక్కన రాసి ఉన్న హద్దులు మాత్రం దాటకండి.

బ్రేకులు డిస్కువే కావాలి, కేబుల్‌తో నడిచేవైనా ఫర్వాలేదు. రిమ్ము బ్రేకుల్లో తడి ఇసుక చేరితే రిమ్మునే అరగదీసేస్తుంది. మనది బీచ్ ఊరు కదా. వెనక క్యారియర్‌కి, మడ్‌గార్డులకి ఫ్రేములోనే బోల్టు రంధ్రాలున్నాయో లేదో చూసుకోండి. లాప్‌టాప్ వీపున వేసుకుంటే ఈ ఉక్కపోతకి ఆఫీసుకి చేరేసరికి చొక్కా పిండాల్సిందే.

అన్నిటికంటే ముఖ్యం ఉప్పుగాలి. అల్యూమినియం ఫ్రేము తట్టుకుంటుంది. చైను, స్పోకులు, బోల్టులు తట్టుకోవు. భీమిలి వెళ్ళొచ్చిన రోజే పొడిగుడ్డతో చైను తుడిచి, లింకు లింకుకీ ఒక్కో చుక్క ఆయిల్ వేసి, పైన మిగిలింది మళ్ళీ తుడిచేయండి. అలలు తగిలే తడి ఇసుకలోకి మాత్రం సైకిల్ దించొద్దు.

ఇంకోటి, ట్యూబు వాల్వు. కొన్ని హైబ్రిడ్లకి సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటుంది, రోడ్డు పక్క పంక్చరు షాపులో గాలి గొట్టం దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు కొని జేబులో పెట్టుకోండి.

హనుమంతవాక:
నేను 29 అంగుళాల ఎంటీబీకే గరుకులేని సన్న టైర్లు వేసుకుని తిరుగుతున్నాను, హాయిగానే ఉంది. 29కీ 700కీ రిమ్ము కొలత ఒకటే, 622 మిల్లీమీటర్లు.

ఎండాడ ఎత్తు:
నిజమే అన్నా. ఇంట్లో ఎంటీబీ ఉన్నవాళ్ళకి నేనూ అదే చెప్తాను. కొత్తది కొనేవాళ్ళు ఫోర్కుకీ ముళ్ళ టైర్లకీ డబ్బు పెట్టి, మళ్ళీ వేరే టైర్లు కొనడం ఎందుకు?

తమ్ముడూ, ఎర్రమట్టి దిబ్బల మీద సైకిల్ వద్దు. అవి జియలాజికల్ సర్వే గుర్తించిన భూవారసత్వ స్థలం, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి. గట్టిపడని ఇసుక అది. టైరు గాడి పడితే వాన నీరు ఆ గాడినే పట్టుకుని కోసేస్తుంది. రోడ్డు దగ్గర సైకిల్‌కి తాళం వేసి నడిచి చూడండి.

మధురవాడ కుర్రాడు:
దిబ్బల సంగతి తెలియదండీ, నడిచే వెళ్తాను. హైబ్రిడ్డే తీసుకుంటాను. షాపులో నా ఎత్తుకి ఎస్, ఎం సైజులు రెండూ సరిపోతాయంటున్నారు, ఏది మేలు?

ఎండాడ ఎత్తు:
రెండూ తొక్కి చూడండి. పై గొట్టానికి అటూ ఇటూ కాళ్ళు పెట్టి నిలబడితే రెండు అంగుళాలైనా ఖాళీ ఉండాలి. హ్యాండిల్ అందుకోడానికి మోచేతులు పూర్తిగా చాచాల్సి వస్తే ఎస్ తీసుకోండి. గేర్లు కూడా అప్పుడే చూడండి: ముందు, పెడళ్ళ దగ్గరున్న చిన్న పళ్ళ చక్రం పళ్ళు, వెనక పెద్ద చక్రం పళ్ళకంటే ఎక్కువ ఉండకూడదు. తొట్లకొండ ఎక్కడానికి అదే కావాలి.