సమస్యాపూరణం: చచ్చి యచ్చు వేసె సరస కవిత

నిర్వాహకుడు: కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం:

చచ్చి యచ్చు వేసె సరస కవిత

నియమం ఒక్కటే. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో 1850వ సంవత్సరపు కవిత్వ విశేషాలే వస్తువు కావాలి. ఆ ఏప్రిల్ 23న ఆస్థానకవి వర్డ్స్‌వర్త్ పోయాడు, నవంబరులో ఆ పదవి టెన్నిసన్‌కు దక్కింది. మధ్యలో ఏమేమి అచ్చయ్యాయో మీకు తెలిసినదే. పాదం కొంచెం మోటుగా ఉందని నాకూ తెలుసు. ‘చచ్చి’ని ఎవరు ఎలా లొంగదీస్తారో చూడాలని అలాగే ఉంచాను.

కొండగాలి: నా ప్రయత్నం.

బ్రతుకు కథను వ్రాసి భద్రమ్ముగా దాచి
నూఱుసార్లు దిద్ది నోరు విప్ప
కున్న యెనుబదేండ్ల కొండసీమ సుకవి
చచ్చి యచ్చు వేసె సరస కవిత

నిర్వాహకుడు: ధార బాగుంది. సమస్య చూడగానే అందరికీ తట్టేది వర్డ్స్‌వర్త్ ఆత్మకథాకావ్యం ‘ది ప్రిల్యూడే’. 1805 నాటికే పూర్తి రూపం వచ్చిన కావ్యాన్ని జీవితాంతం దిద్దుతూ కూర్చున్నాడు. ఆయన పోయిన మూడు నెలలకు, జూలైలో, పద్నాలుగు సర్గలతో వెలువడింది. ఆ పేరు పెట్టింది కూడా భార్య మేరీయే. అయితే ‘నోరు విప్పకున్న’ అనడం సరికాదు. 1807లో మిత్రకవి కోల్‌రిడ్జ్‌ను ఎదుట కూర్చోబెట్టుకొని కావ్యమంతా చదివి వినిపించాడు. దాచింది అచ్చుకే గాని చెవులకు కాదు. రెండవ పాదం మార్చండి.

కొండగాలి: నిజమే. ఇలా సవరిస్తున్నాను: ‘ముందు వెనుక చూచి ముద్రకొసఁగ / కున్న యెనుబదేండ్ల...’

నిర్వాహకుడు: ఇప్పుడు అతికింది. ‘ముందు వెనుక చూచి’ ఆ మనిషికి సరిగ్గా సరిపోయే మాట.

పాతపెట్టె: నేను టెన్నిసన్‌ను పట్టుకున్నాను.

నెయ్యమున్న సఖుఁడు నిండు జవ్వనమున
కన్ను మూయ సుకవి కంటనీట
పెక్కు వత్సరములు పేర్చి పద్యములను
చచ్చి యచ్చు వేసె సరస కవిత

తుమ్మెద: పాతపెట్టె గారూ, మీ అన్వయంలో చచ్చినవాడు టెన్నిసన్! ఆయన స్నేహితుడు హాలమ్ 1833లో వియన్నాలో పోయాడు. కవి మాత్రం ఆ స్నేహితుడి స్మృతికావ్యం ‘ఇన్ మెమోరియమ్’ను 1850లో తన పేరు లేకుండా అచ్చు వేయించి, ఆ ఏడాది జూన్ 13నే పెళ్లి చేసుకున్నాడు. పెళ్లికొడుకును చంపడం న్యాయమా?

పాతపెట్టె: ‘చచ్చీ చెడీ’ అంటాం కదండీ, ఆ అర్థంలో వాడాను. పదిహేడేళ్ల పాట్లు మరి.

నిర్వాహకుడు: ‘చెడి’ తోడు లేనిదే ఆ అర్థం రాదు. మరొక చిక్కు, ‘పద్యములను’ ద్రుతాంతం (చివర నకారం ఉన్న మాట) కాబట్టి తరువాతి మాట ‘జచ్చి’ అవుతుంది, సమస్య పాదమే మారిపోతుంది. ‘పేర్చి కూర్చియుఁ జెడి’ అనండి, రెండు చిక్కులూ ఒక్క దెబ్బకు తీరతాయి. ‘నెయ్యమున్న సఖుఁడు’ పునరుక్తి. నెయ్యం లేకుంటే సఖుడెలా అవుతాడు? శోకకావ్యాన్ని ‘సరస’ అనవచ్చా అని ఎవరైనా అడగబోతే, కరుణ కూడా రసమే కాబట్టి దానికి ఢోకా లేదు.

తుమ్మెద: ఇక నా వంతు.

వలపు పాట లెల్లఁ బరభాష నుండి తె
చ్చితి నటంచు బొంకి చెలువ యొకతె
చెలువుఁ డడుగఁ దనదు సిగ్గు విడువలేక
చచ్చి యచ్చు వేసె సరస కవిత

నిర్వాహకుడు: భేష్! ఒక్క ప్రాణమూ పోకుండా ‘చచ్చి’ని సిగ్గు మీదికి తోసేశారు. ‘సరస’కు కూడా అసలైన అర్థం ఇక్కడే దక్కింది. కవయిత్రి ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ పెళ్లికి ముందు, కాబోయే భర్త రాబర్ట్ కోసం రహస్యంగా రాసుకున్న 44 సానెట్లు (పద్నాలుగు పాదాల కవితలు) అవి. పెళ్లయిన మూడేళ్లకు గాని ఆయనకే చూపలేదు. 1850 సంపుటంలో వేసినప్పుడు పోర్చుగీసు నుండి వచ్చినవన్నట్టు పేరు పెట్టి తప్పించుకుంది. ‘తె / చ్చితి’ అని పాదం విరిచి యతిని ‘చెలువ’తో చెల్లించడం ముచ్చటగా ఉంది.

కొండగాలి: తుమ్మెద గారి పూరణకే నా ఓటు. ఆస్థానకవి పదవి ఖాళీ అయినప్పుడు, రాణి ఏలుబడిలో కవయిత్రికే ఇవ్వరాదా అని ‘ఎథీనియమ్’ పత్రిక ఆమె పేరే సూచించింది కూడా.

పాతపెట్టె: చూస్తుంటే మూడు పుస్తకాలూ పెట్టెలో మగ్గినవే. ఒకటి నలభై అయిదేళ్లు, ఒకటి పదిహేడు, ఒకటి నాలుగైదు. ఆ ఏడాది కవులంతా కూడబలుక్కుని పెట్టెలు తెరిచినట్టుంది.

నిర్వాహకుడు: మీ పేరుకు తగిన మాట! ఇంకో పిట్టకథ. ఆ పదవి ముందు శామ్యూల్ రోజర్స్ అనే వృద్ధకవికి ఇవ్వజూపితే, వయసు మీరిందని వద్దన్నాడు. కాని ఆయన దర్బారు దుస్తులు మాత్రం కొలువుకు వెళ్లాయి. మొదట వర్డ్స్‌వర్త్, తరువాత 1851లో టెన్నిసన్, ఇద్దరూ రాణి ఎదుటికి వెళ్లింది ఆ ఎరవు దుస్తుల్లోనే. కాబట్టి వచ్చే వారం సమస్య, మళ్లీ ఆటవెలదిలోనే:

కోటు నెరవు తెచ్చి కొలువు కేగె