ప్రాపర్టీ మార్పుల నోటిఫికేషన్లు వెనకా ముందూ చేరుతున్నాయి, సర్వీసు మొత్తం తిరగరాయాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. డబ్ల్యూఎస్‌ఆర్‌ఎఫ్ (వెబ్ సర్వీసులో ఒక్కో రిసోర్స్ స్థితిని ప్రాపర్టీలుగా చూపే స్టాండర్డ్) పద్ధతిలో రాసిన ఒక పాత సోప్ (ఎక్స్‌ఎంఎల్ మెసేజ్‌లతో మాట్లాడే) సర్వీసు ఈమధ్యే నా చేతికొచ్చింది. ఇందులో ప్రతి జాబ్ ఒక రిసోర్స్. దానికి స్టేటస్, ఎంత శాతం అయింది, ఎర్రర్ వివరం అని మూడు ప్రాపర్టీలు ఉన్నాయి. క్లయింట్లు సబ్‌స్క్రైబ్ చేసుకుంటే, ఏ ప్రాపర్టీ మారినా పాత విలువా కొత్త విలువా కలిపి నోటిఫికేషన్ వెళ్తుంది. నిన్న ఒక క్లయింట్ లాగ్‌లో ఒకే జాబ్‌కి ఇలా కనిపించింది:

10:42:07.310 నడుస్తోంది, 95
10:42:07.884 పూర్తయింది, 100
10:42:12.402 నడుస్తోంది, 98

ఆ తర్వాత ఇంకేమీ రాలేదు. అంటే పూర్తయిన జాబ్ స్క్రీన్ మీద 98 దగ్గర నడుస్తున్నట్టే ఉండిపోయింది. సర్వర్‌లో చూస్తే 100 అనే ఉంది. ఇదొక్కటే కాదు, క్లయింట్‌ని రీస్టార్ట్ చేస్తే ఆ కాసేపట్లో జరిగిన మార్పులు దానికి అసలు తెలియవు. ఇంకొకటి మరీ అర్థం కావడం లేదు: నోటిఫికేషన్ రాగానే, ప్రాపర్టీ ప్రస్తుత విలువ చదివే గెట్‌రిసోర్స్‌ప్రాపర్టీ పిలిస్తే ఒక్కోసారి పాత విలువే వస్తోంది.

2 సెకన్లకోసారి పోలింగ్ (క్లయింటే సర్వర్‌ని మళ్లీ మళ్లీ అడగడం) పెట్టి చూశాను. జాబ్‌లు వందల్లో ఉన్నప్పుడు డేటాబేస్ మీద లోడ్ విపరీతంగా పెరిగింది, తీసేశాను. ఇదంతా పక్కన పడేసి రెస్ట్ (మామూలు హెచ్‌టీటీపీ రిక్వెస్ట్‌ల పద్ధతి), వెబ్‌హుక్‌లతో (మార్పు జరగ్గానే క్లయింట్ ఇచ్చిన అడ్రస్‌కి సర్వర్ రిక్వెస్ట్ పంపడం) కొత్తగా రాసేద్దామని టీమ్‌లో అంటున్నారు. అలా చేస్తే ఈ తలనొప్పి పోతుందా? నెలల పని కదా, దిగే ముందు అనుభవం ఉన్నవాళ్లని అడిగి చూద్దామని రాస్తున్నా.

జవాబు 1

ముందు ఆ మూడో లైన్ టైమ్ చూడండి. రెండో లైన్ తర్వాత నాలుగున్నర సెకన్లకి వచ్చింది. నా అనుమానం ఏంటంటే, 98 మెసేజ్‌ని మొదటిసారి పంపినప్పుడు కనెక్షన్ కుదరక, 5 సెకన్లాగి మళ్లీ పంపారు. ఈలోగా 100 మెసేజ్ వేరే థ్రెడ్‌లో హాయిగా వెళ్లిపోయింది. మీ సెండర్‌లో రీట్రై ఎంత పెట్టారో ఒకసారి చూడండి.

ఇది సోప్ తప్పు కాదండి. ఇలాంటి సోప్ నోటిఫికేషన్ల పద్ధతి డబ్ల్యూఎస్ నోటిఫికేషన్ 1.3, ఓయాసిస్ అనే సంస్థ స్టాండర్డ్ అయింది 2006లో, కానీ నిన్న రాసిన వెబ్‌హుక్‌లో కూడా ఇదే జరుగుతుంది. ఒక్కో నోటిఫికేషన్ ఒక్కో విడి రిక్వెస్ట్‌గా వెళ్తూ, ఫెయిలైనవి తర్వాత మళ్లీ వెళ్తుంటే వరస ఉండదు, అంతే.

చేయాల్సింది: ప్రతి రిసోర్స్‌కి వెర్షన్ నంబర్ అని నాలుగో ప్రాపర్టీ పెట్టండి. ఏ ప్రాపర్టీ మారినా అది ఒకటి పెరగాలి, ప్రతి నోటిఫికేషన్‌లోనూ అది వెళ్లాలి. క్లయింట్ తన దగ్గరున్న వెర్షన్ కన్నా చిన్నదో, సమానమో వస్తే వదిలేస్తుంది. రీట్రై వల్ల అదే మెసేజ్ రెండుసార్లు వచ్చినా ఇదే కాపాడుతుంది. టైమ్‌స్టాంప్‌తో సరిపెట్టాలని మాత్రం చూడకండి, రెండు సర్వర్ల గడియారాలు ఎప్పుడూ ఒక్కలా ఉండవు.

ఒక జాగ్రత్త, మేం దెబ్బతిన్నది ఇక్కడే. వెర్షన్ కౌంటర్‌ని మెమరీలో పెట్టాం. సర్వర్ రీస్టార్ట్ కాగానే అది మళ్లీ 1 నుంచి మొదలైంది, క్లయింట్ల దగ్గరేమో 240 ఉంది. దాంతో వచ్చిన ప్రతి కొత్త మార్పునీ పాతదే అనుకుని అవి వదిలేశాయి, ఎక్కడా ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. కనిపెట్టడానికి రెండు రోజులు పట్టింది. కాబట్టి ఆ నంబర్ డేటాబేస్‌లో, విలువ మార్చే అదే అప్‌డేట్ స్టేట్‌మెంట్‌లోనే పెరగాలి.

జవాబు 2

పాత విలువ రావడం గురించి: ట్రాన్సాక్షన్ కమిట్ కాకముందే, అంటే మార్పు డేటాబేస్‌లో ఖాయం కాకముందే నోటిఫికేషన్ పంపేస్తున్నారని నా అనుమానం. విలువ మార్చే సెట్టర్ మెథడ్‌లోనే నోటిఫై కోడ్ ఉందేమో చూడండి, పాత కోడ్‌లో ఎక్కువగా అలాగే ఉంటుంది. మెసేజ్ క్లయింట్‌కి చేరి, అది వెనక్కి తిరిగి అడిగేసరికి మీ కమిట్ ఇంకా పూర్తవదు. ఇంతకన్నా ప్రమాదం ఇంకోటి ఉంది. ఆ ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయితే, అంటే రద్దయితే, జరగని మార్పుని జరిగిందని చెప్పినట్టు!

అలాగని కమిట్ తర్వాత పంపేలా మార్చి ఊరుకోకండి, ఎందుకంటే కమిట్ అయ్యి, పంపేలోపు ప్రాసెస్ చచ్చిపోతే ఆ మార్పు గురించి ఎవరికీ తెలియకుండా పోతుంది. ప్రాపర్టీ మార్చే ట్రాన్సాక్షన్‌లోనే ఇంకో టేబుల్‌లో ఒక రో రాయండి: ఏ రిసోర్స్, ఏ వెర్షన్, ఏం మారింది. ఆ టేబుల్‌ని చదివి పంపే పని ఒక విడి వర్కర్‌కి అప్పగించండి. పంపినట్టు రుజువు వచ్చాకే రో తీసేయాలి. దీన్నే అవుట్‌బాక్స్ అంటారు. ఈ ఒక్క టేబుల్ పెట్టాక మా సర్వీసులో తప్పిపోయిన నోటిఫికేషన్ల ఫిర్యాదులు ఆగిపోయాయి.

అడిగినవారు

ఇద్దరికీ చాలా థాంక్స్. రీట్రై సరిగ్గా 5 సెకన్లే ఉంది! నోటిఫై కోడ్ కూడా సెట్టర్‌లోనే ఉంది, కమిట్ ఎక్కడో మూడు లేయర్ల పైన జరుగుతోంది. మరి రీస్టార్ట్ సంగతి? క్లయింట్ లేచాక ముందు విలువలన్నీ చదివేసి తర్వాత సబ్‌స్క్రైబ్ అవుతోంది, అయినా అప్పుడప్పుడు ఒకటో రెండో తప్పిపోతున్నాయి.

జవాబు 3

వరస తిప్పండి, ముందు సబ్‌స్క్రైబ్, ఆ తర్వాతే చదవడం. ఇప్పుడు మీరు చదవడానికీ సబ్‌స్క్రైబ్ అవడానికీ మధ్య జరిగిన మార్పు మీకు అటూ రాదు, ఇటూ రాదు. తిప్పితే అదే మార్పు రెండుసార్లు రావచ్చు, కానీ వెర్షన్ ఉంది కాబట్టి పర్లేదు. చదివేటప్పుడు స్టేటస్‌ని ఒక కాల్‌లో, వెర్షన్‌ని ఇంకో కాల్‌లో అడగకండి, మధ్యలో మారిపోతే కొత్త వెర్షన్ పక్కన పాత స్టేటస్ కూర్చుంటుంది. గెట్‌మల్టిపుల్‌రిసోర్స్‌ప్రాపర్టీస్ ఉంది కదా, ఒకే కాల్‌లో అన్నీ తెచ్చుకోండి, సర్వర్ వైపు కూడా ఒకే క్వెరీలో చదివేలా చూడండి.

సబ్‌స్క్రిప్షన్ గడువు కూడా గమనించండి. సబ్‌స్క్రైబ్ రిక్వెస్ట్‌లో ఇనీషియల్ టెర్మినేషన్ టైమ్ అని ఒక ఫీల్డ్ ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేస్తే చాలా ఇంప్లిమెంటేషన్లలో సబ్‌స్క్రిప్షన్ అలా పడి ఉంటుంది, చచ్చిపోయిన క్లయింట్‌కి కూడా మీ సర్వర్ మెసేజ్‌లు పంపుతూ, రీట్రై చేస్తూ థ్రెడ్లన్నీ అక్కడే ఇరుక్కుపోతాయి. ఆ 98 మెసేజ్ ఆలస్యం కావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. 10 నిమిషాల గడువు పెట్టి, క్లయింట్ 5 నిమిషాలకోసారి రెన్యూ చేసుకునేలా చేయండి. రెన్యూ ఫెయిలైతే మళ్లీ సబ్‌స్క్రైబ్, మళ్లీ మొత్తం చదవడం.

పోలింగ్‌ని పూర్తిగా తీసేయకండి అని నా మాట. 2 సెకన్లకి కాదు, 5 నిమిషాలకోసారి, ఇంకా పూర్తికాని జాబ్‌ల వెర్షన్ మాత్రమే అడగండి. తేడా ఉంటేనే మిగతావి తెచ్చుకోండి.

జవాబు 1

పైన చెప్పినవన్నీ ఒప్పుకుంటా, ఒక్కటి కలుపుతా. శాతం మారిన ప్రతిసారీ నోటిఫికేషన్ అవసరమా? జాబ్ ఇప్పుడు ఎక్కడుంది అన్నదే కావాలంటే 95, 96, 97 కలిపేసి సెకనుకి ఒక్కటి పంపినా చాలు, చివరిది మాత్రం తప్పకుండా వెళ్లాలి. కానీ ఏ క్లయింటైనా ప్రతి మార్పునీ రికార్డ్ చేస్తుంటే, అంటే ఆడిట్ లాంటిదేదైనా ఉంటే, అలా కలపకూడదు. వాళ్లకి మార్పుల జాబితానే వరసగా చదువుకునే వేరే ఆపరేషన్ ఇవ్వండి, ఫలానా వెర్షన్ తర్వాతవి ఇవ్వు అని అడిగేలా. ఈ రెండు అవసరాలనీ ఒకే నోటిఫికేషన్‌తో తీర్చాలని చూస్తే రెండూ చెడతాయి.

ఇంకా, సెట్‌రిసోర్స్‌ప్రాపర్టీస్‌తో క్లయింట్లు కూడా విలువలు మారుస్తుంటే అక్కడా వెర్షన్ అడగండి, పాతదైతే ఫాల్ట్ (సోప్‌లో ఎర్రర్ జవాబు) ఇవ్వండి. రెస్ట్‌లో ఈట్యాగ్ (వెర్షన్ గుర్తు), ఇఫ్‌మ్యాచ్ (ఆ గుర్తు సరిపోతేనే మార్చు అనే షరతు), కుదరకపోతే 412 ఎర్రర్ అని ఉండేది సరిగ్గా ఇదే.

అడిగినవారు

మా దగ్గర ఆడిట్ క్లయింట్ ఒకటి ఉంది, దాని గురించి నేను ఆలోచించనే లేదు, మంచి సమయానికి చెప్పారు. తిరగరాయడం ప్రస్తుతానికి ఆపించాను. ఈ వారం వెర్షన్ ప్రాపర్టీ, అవుట్‌బాక్స్ టేబుల్ రెండూ టెస్ట్ సర్వర్‌లో పెడుతున్నా. రీట్రైని కావాలనే 30 సెకన్లకి పెంచి, మధ్యలో క్లయింట్ కనెక్షన్ కోసి చూస్తా. పాత మెసేజ్ ఆలస్యంగా వచ్చినా స్క్రీన్ 100 దగ్గరే నిలబడితే లాగ్ ఇక్కడ పెడతాను.