జర్మనీ పౌరసత్వ పరీక్ష: చరిత్ర భాగం ఎలా చదివారు?

అందరికీ నమస్కారం అండి. మేం మ్యూనిక్‌లో ఉంటున్నాం. మా ఆవిడ పౌరసత్వ పరీక్షకు చదువుతోంది. 310 ప్రశ్నల్లోంచి 33 ఇస్తారు, 17 కరెక్టయితే పాస్. బట్టీ పట్టినా గట్టెక్కొచ్చు. కానీ ఓటేయబోయే దేశం గురించి అర్థం చేసుకునే చదవాలని తన పట్టుదల, నాకూ అదే సరైనదనిపిస్తోంది.

బుండెస్టాగ్ (జనం ఎన్నుకునే పార్లమెంటు), బుండెస్‌రాట్ (రాష్ట్రాల సభ) తేడా తెలిసింది (రెండోదాంట్లో కూర్చునేది రాష్ట్ర ప్రభుత్వాల మంత్రులే). చిక్కంతా తూర్పు జర్మనీ దగ్గర. 1953 జూన్ 17 తిరుగుబాటు, 1961లో బెర్లిన్ గోడ, 1989 నవంబర్ 9న అది తెరుచుకోవడం, 1990 అక్టోబర్ 3న తూర్పు, పశ్చిమ జర్మనీల ఏకీకరణ... తేదీలన్నీ నోటికొచ్చాయి. ఒకదాన్నుంచి ఇంకోటి ఎలా వచ్చిందో కథలా చెప్పే తెలుగు వీడియోలు, లేదంటే తేలిక జర్మన్ పుస్తకాలు ఏవైనా ఉన్నాయా? పరీక్ష రాసినవాళ్లు దయచేసి చెప్పండి.