‘ఎంగిలి’ని ఎస్పెరాంటోలో ఏమనాలి?

మాది నల్గొండ దగ్గర పల్లె. 1887లో జామెన్‌హోఫ్ అనే ఆయన తయారుచేసి తెచ్చిన కృత్రిమ భాష ఎస్పెరాంటో నేర్చుకుంటున్నాను. బతుకమ్మ గురించి రాస్తూ మొదటి రోజు దగ్గరే, ఎంగిలిపూల దగ్గరే ఆగిపోయాను. ఆ భాషలో ‘రెస్తాజో’ ఉంది కానీ దానర్థం మిగిలిపోయినది. ఎంగిలి అది కాదు కదా! మా అమ్మ కూరలో ఉప్పు చూడాలంటే గరిటె నోటికి తగలనీయదు, అరచేతిలో ఒక చుక్క వేసుకుంటుంది. అదే అమ్మ మనవడు కొరికిన జామకాయను ఇష్టంగా తింటుంది.

‘బుషో’ అంటే నోరు, ‘తుషి’ అంటే తాకడం. రెండూ కలిపి ‘బుష్‌తుషితాజో’, అంటే నోరు తగిలినది అని కట్టాను. అర్థం తెలుస్తుంది కానీ అందులో మైల లేదు, ప్రేమా లేదు. నామవాచకాలకు వచ్చే ‘ఓ’ చేర్చి ‘ఎంగిలో’ అనేసి, కింద వివరణ ఇస్తే సరిపోతుందా? ఇలాంటి మాటలు కట్టినవాళ్లు దయచేసి చెప్పండి.