కోర్నెల్ మొదటి సంవత్సరం సెమినార్: ఆ అయిదు ఎంపికలు ఎలా నింపాలి?

అన్నయ్యలకు, అక్కలకు నమస్కారం. మాది హనుమకొండ. ఆగస్టులో అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్‌లో చేరుతున్నాను. రైటింగ్ సెమినార్‌కు, అంటే ఏదో ఒక విషయం మీద చదివి వ్యాసాలు రాసే తరగతికి, అయిదు ఎంపికలు వరుసగా ఇమ్మన్నారు. జాబితా చూస్తే కళ్ళు తిరిగాయి. ఇంటర్‌లో ఎంపీసీ, సొంతంగా వ్యాసం రాసిన గుర్తే లేదు. భారతదేశం మీద ఏదైనా ఉంటే అది పెట్టుకుని సులువుగా గట్టెక్కవచ్చా?

—

తమ్ముడూ, నేనూ సరిగ్గా అలాగే అనుకుని మన దేశం మీద ఉన్నదే తీసుకున్నాను. మొదటి వ్యాసంలో తెలిసినదంతా గుమ్మరించాను. పక్కన ఒకే ప్రశ్న రాసి తిరిగి ఇచ్చారు: "ఇందులో నువ్వు అంటున్నది ఏమిటి?" ఇంటర్ రెండేళ్ళలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. కోర్నెల్‌లో సమాచారానికి విలువ తక్కువ. నువ్వు ఏమంటున్నావు, చదివిన దానిలోంచి ఆధారం ఏం చూపిస్తున్నావు, అదే చూస్తారు. విషయం ముందే తెలుసన్న ధీమా ఉంటే ఇచ్చిన పాఠం సరిగా చదవం.

తరగతిలో 18 మందికి మించి ఉండరు కాబట్టి వెనక బెంచీలో దాక్కోవడం కుదరదు. రాసింది దిద్ది మళ్ళీ రాయాలి, టీచర్‌తో విడిగా కూర్చుని మాట్లాడాలి. కాబట్టి సెమిస్టర్ అంతా విసుగు రాకుండా వాదించగల విషయం చూసుకో. పేరు చూసి మోసపోకు, కింద ఇచ్చిన వివరణ మొత్తం చదువు.

ఎంసెట్ (ఇప్పటి ఎప్‌సెట్) వెబ్ ఆప్షన్ల అలవాటుతో చివరిది ఏదో ఒకటి నింపేయకు. ఇక్కడ పరీక్ష ర్యాంకు లేదు, ఆ అయిదోదే రావచ్చు. ముందుగా పంపినందుకు లాభమూ లేదు, గడువు లోపల పంపితే చాలు. ఆ గడువు మాత్రం కోర్నెల్ ఉన్న ఇథాకా ఊరి గడియారం ప్రకారం. వేసవిలో మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక.

—

అన్నయ్యగారి మాటతో నాకు సగమే ఏకీభావం. తెలిసిన విషయం నాకు ధైర్యమిచ్చింది, మొదటి నెల నోరు విప్పగలిగాను. తమ్ముడూ, రాయడమంటే మరీ భయమైతే ఇంకా తక్కువ మందితో నడిచే రైటింగ్ తరగతులు ఉన్నాయి, అవీ సెమినార్ లెక్కలోకే వస్తాయి. ఇంజినీరింగ్ వాళ్ళకు ఎలాగూ రెండు సెమినార్లు కావాలి, రెండోదానికి సాహసం చేయవచ్చు. రైటింగ్ సెంటర్‌లో డబ్బు కట్టకుండానే చిత్తుప్రతి చూపించుకోవచ్చు, మొహమాటపడకు. ఇంకొకటి: గైడులో వాక్యాలు బట్టీ పట్టి దించడం మనకు తప్పుగా తోచదు. అక్కడ మూలం చెప్పకుండా ఒక్క వాక్యం వాడినా విచారణ దాకా వెళ్ళవచ్చు.

—

అన్నయ్యా, అక్కా, నాలుగు కుదిరాయి. అయిదోదానికి మొక్కల మీద ఏదైనా ఉందేమో చూస్తున్నాను. మా నాన్నగారిది విత్తనాల దుకాణం. ఇది కూడా తెలిసిన విషయం కిందికే వస్తుందంటారా?