అప్‌డేట్: గేర్లు తీసేసి సింగిల్ స్పీడ్ చేసిన సైకిల్, చైన్ జారడం ఆగింది

పాత రోడ్ సైకిల్‌ని సింగిల్ స్పీడ్‌గా మార్చాక, లేచి నిలబడి తొక్కితే చైన్ పళ్ల మీద నుంచి జారుతోందని అడిగాను కదా. నా ఫ్రేమ్‌లో చక్రం కూర్చునే గాడి నిలువుగా ఉంటుంది, కాబట్టి చక్రాన్ని వెనక్కి లాగి చైన్ బిగించే దారి లేదు. టెన్షనర్ (చైన్ వదులుని నొక్కి పట్టే చిన్న పరికరం) తప్పదని మీరు చెప్పింది నిజమే.

అయితే అసలు దోషం ఇంకోచోట దొరికింది. నేను పాత క్యాసెట్‌లోంచి (వెనక గేర్ల పళ్లచక్రాల కట్ట) ఒక 17 పళ్ల చక్రం విడదీసి వాడాను. దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురులో చూస్తే, కొన్ని పళ్లు పొట్టిగా, ఒక పక్కకి చెక్కినట్టు ఉన్నాయి. గేరు మారేటప్పుడు చైన్ సులువుగా దిగడానికే అలా చేస్తారు. నాకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం! సింగిల్ స్పీడ్ కోసమే చేసిన, పొడుగు పళ్లున్న 17 వేశాను.

తర్వాత చైన్ లైన్, అంటే ముందు, వెనక పళ్లచక్రాలు ఒకే వరసలో ఉండటం. ముందు పళ్లచక్రం ఫ్రేమ్ మధ్యగీత నుంచి 43 మిల్లీమీటర్లు, వెనకది 39. స్పేసర్లు (పళ్లచక్రం పక్కన సందు నింపే రింగులు) అటూ ఇటూ మార్చి రెండూ ఒకే వరసలోకి తెచ్చాను. టెన్షనర్‌ని కిందికి కాకుండా పైకి నెట్టేలా బిగించాను, దాంతో చైన్ ఇంకొన్ని పళ్లను పట్టుకుంటోంది.

ఇప్పుడు ముందు 42 పళ్లు, వెనక 17. ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్లు లాగుతాయి, కానీ చైన్ ఒక్కసారి కూడా జారలేదు. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ థాంక్స్ అండీ.